రెండు వేళలు చెప్పే తాజుద్దీన్

మైపాడులో బస్సు దిగి సముద్రం వైపు నాలుగడుగులు వేస్తే ఎడమచేతి పక్క తాజుద్దీన్ భాయ్ జిరాక్స్ కొట్టు కనిపిస్తుంది. బోర్డు మీద అక్షరాలు ఉప్పుగాలికి సగం రాలిపోయాయి. కొత్తది పెట్టించవయ్యా అంటే, "నా కొట్టు యాడుందో తెలీనోళ్ళు ఈ ఊళ్ళో ఎవురుండారు సార్?" అంటాడు.

నేను ఆ ఊరి హైస్కూల్లో తెలుగు పంతుల్ని. పరీక్ష పేపర్ల కాపీల కోసం పదకొండేళ్ళుగా ఆ మెట్లు ఎక్కి దిగుతున్నాను. ముందే చెప్పేస్తున్నాను, ఇంగ్లీషంటే నాకు మంట. ముప్పై రోజుల్లో ఇంగ్లీషు నేర్పుతామని నెల్లూరు గోడలనిండా అంటించిన పోస్టర్లు చూస్తే ఒళ్ళు మండిపోతుంది. అలాంటి నేను ఒక ఇంగ్లీషు పిచ్చివాణ్ణి మెచ్చుకుంటూ రాయాల్సి రావడం నా ఖర్మ. కానీ రాయక తప్పదు. ఈ పదకొండేళ్ళలో నేను చూసిన మంచి మేస్టారు మా స్కూల్లో లేడు, ఆ కొట్టులో ఉన్నాడు.

ఆయన దగ్గరికి జనం కాపీల కోసమే రారు. ఎవరికైనా ఇంగ్లీషులో మెయిలో, వాట్సాప్‌లో మెసేజో పెట్టాల్సి వస్తే వస్తారు. బ్యాంకు మేనేజరును కలవాలనేవాళ్ళు, చెన్నైలో పెద్ద డాక్టరుకు చూపించుకోవాలనేవాళ్ళు, రొయ్యల గుంటలవాళ్ళు. ఇప్పుడు ఫోనే ఇంగ్లీషు రాసి పెడుతుంది కదా, నీతో పనేముందని ఒకసారి ఎగతాళి చేశాను. ఆయనకు కోపం రాలేదు.

"ఫోను రాస్తాది సార్, నాకంటే బాగా రాస్తాది. ఈ మనిషికి ఎప్పుడు వీలో ఫోనుకేం తెలుసు?" అన్నాడు.

ఆయన పద్ధతి అదే. వచ్చినవాళ్ళు ఏం రాయాలో చెప్పాక, కీబోర్డు ముట్టుకోకుండా ముందు ఒక ప్రశ్న వేస్తాడు. "నీకెప్పుడు వీలు?" మన వాళ్ళంతా దానికి ఒకే జవాబు చెప్తారు. "నాదేముంది భాయ్, వాళ్ళ ఇష్టం. ఎప్పుడైనా సరే." ఆ మాట వినపడగానే తాజుద్దీన్ కళ్ళజోడు తీసి కీబోర్డు మీద పెట్టేస్తాడు. ఇక బ్రహ్మరుద్రాదులు దిగివచ్చినా ఒక్క అక్షరం కొట్టడు.

గుంటల రంగనాయకులుకు ఇలాగే ఒక రోజు చుక్కలు చూపించాడు. రొయ్యలకు జబ్బు చేసిందేమోనని ఊరుగాని ఊరినుంచి ఒక నిపుణుణ్ణి పిలవాలి. "నాకెప్పుడైనా ఒకటే, రాసెయ్" అంటాడు రంగనాయకులు. "ఆరుకు మేతేస్తావు, పదికి మేతేస్తావు, మధ్యలో నీళ్ళు చూస్తావు. ఎప్పుడైనా ఒకటే ఎట్టా అవుతాదబ్బయా?" అంటాడు ఈయన. మాటా మాటా పెరిగి, నెల్లూరు పోయి రాయించుకుంటానని రంగనాయకులు విసురుగా బస్సు దాకా పోయాడు. బస్సు ఎక్కలేదు. తిరిగొచ్చి కుర్చీలో కూలబడి, "ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఖాళీగా ఉంటాను, చాలా?" అన్నాడు. అప్పుడు కళ్ళజోడు మళ్ళీ ముక్కు మీదికి ఎక్కింది.

ఈ జబ్బు తాజుద్దీన్‌కు బిట్రగుంటలో అంటుకుంది. ఆయన పుట్టింది అక్కడే. తండ్రి మౌలా సాహెబు, రైలు డ్రైవర్లూ గార్డులూ బస చేసే రన్నింగ్ రూములో వంటమనిషి. తాజుద్దీన్ ఇంటర్ తప్పి, కావలిలో టైపు నేర్చుకుని, పనేమీ దొరక్క తిరుగుతున్న రోజుల్లో రైల్వే కాలనీలో షారన్ అని ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దావిడ ఉండేది. గార్డుగారి భార్య. భర్త పోయాడు, చూపు మందగించింది, ఉత్తరాలు రాయడం మాత్రం మానలేదు. ఆమె చెబుతుంటే ఇతను టైపు కొట్టేవాడు. అలా మూడేళ్ళు.

పెన్షన్ ఆఫీసుకైనా, మద్రాసులో ఉన్న చెల్లెలికైనా, పళ్ళ డాక్టరుకైనా ఆమె ఉత్తరంలో ఒక వాక్యం తప్పక ఉండేదట. "వుడ్ మండే మార్నింగ్ ఆర్ ట్యూస్‌డే ఆఫ్టర్‌నూన్ సూట్ యు?" సోమవారం పొద్దున గానీ మంగళవారం మధ్యాహ్నం గానీ మీకు కుదురుతుందా అని. దాని వెనకాలే ఇంకొకటి. ఆ రెండూ కుదరకపోతే మీకు వీలైన వేళ చెప్పండి, నేను సర్దుకుంటాను అని.

ఒకసారి కుర్రతనం కొద్దీ తాజుద్దీన్ ఆ రెండు వాక్యాలూ ఎగ్గొట్టి, "ఎట్ యువర్ కన్వీనియెన్స్" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. మీ వీలును బట్టి అని. చదివి వినిపించమంది ఆవిడ. విని, కాగితం చింపించింది. "చూడ్డానికి మర్యాదగానే ఉంది తాజ్. చదివినవాడు ఏం చేయాలి? వాడే ఆలోచించాలి, వాడే రోజు వెతుక్కోవాలి, అది నీకు పనికొస్తుందో రాదో వాడే మళ్ళీ అడగాలి. మర్యాద పేరు చెప్పి నీ పని వాడి నెత్తిన పెట్టావు" అంది. రెండు చెప్పు, మూడోది వాళ్ళకు వదులు. ఆవిడ నేర్పిన ఇంగ్లీషంతా ఇంతేనని చెప్తాడు తాజుద్దీన్. నలభై ఏళ్ళుగా ఆ ఒక్క పాఠాన్నే మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటూ బతుకుతున్నాడు.

కొట్టులో మేకుకు పురికొసతో ఒక పొడుగాటి నోటుపుస్తకం వేలాడుతుంటుంది. ఊళ్ళో దాన్ని టైముల పుస్తకం అంటారు. ఎదుటివాడి వీలు అడగడానికి, మన వీలు చెప్పడానికి, ఒప్పుకున్న రోజును నొప్పించకుండా మార్చుకోవడానికి ఎన్ని రకాల ఇంగ్లీషు వాక్యాలున్నాయో అన్నీ అందులో గుండ్రటి చేతిరాతతో ఉంటాయి. "నో రష్, వెనెవర్ యు గెట్ ఎ ఛాన్స్" అని ఒక పేజీలో ఉంది. తొందరేం లేదు, మీకు కుదిరినప్పుడే అని. దాని కింద చిన్న అక్షరాలతో హెచ్చరిక, అదీ ఇంగ్లీషులోనే. నిజంగా తొందర లేనప్పుడు మాత్రమే రాయవలెను.

ఒకరోజు ఆ పుస్తకం తిరగేసి నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. "ఇంత పుస్తకంలో ఒక్క తెలుగు మాటైనా లేదేమయ్యా?" అని అడిగాను.

"తెలుగులో మనోళ్ళు టైము చెప్పరు గదా సార్. చెప్పిన రోజు రాస్తా" అన్నాడు.

నాకు తల తీసేసినట్టయింది. పది రోజులు ఆ కొట్టు గడప తొక్కలేదు. కాపీలకు నెల్లూరు పోయి వచ్చాను, బస్సులో నడుము పడిపోయింది.

ఇక అసలు సంగతి. పోయినేడు జూలైలో ఒక పొద్దున నేను కాపీల కోసం నిలబడి ఉండగా కామమ్మ, ఆమె కూతురు స్వర్ణ వచ్చారు. కామమ్మ భర్త చిన్నపోలయ్య వేటకు పోతాడు, తెచ్చిన చేపను ఒడ్డున అమ్మేది ఆమె. స్వర్ణ నా దగ్గర చదువుకున్న పిల్లే. నెల్లూరులో డిగ్రీ పూర్తి చేసింది, సూక్ష్మజీవుల సబ్జెక్టు. వాళ్ళ వీధిలో అంత చదివిన ఆడపిల్ల అదే మొదలు. ఆ రోజు దాని కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

చెన్నై అవతల రొయ్యపిల్లల్ని పెంచే ఒక హేచరీలో ల్యాబ్ ఉద్యోగానికి అర్జీ పెట్టుకుంది. వాళ్ళకు మార్కులు నచ్చాయి. ఈ వారంలో మీకు ఎప్పుడు వీలో చెప్తే వీడియో కాల్‌లో మాట్లాడతామని మెయిలు పంపారు. ఈ పిల్ల, "ఎనీ టైమ్ ఈజ్ ఫైన్ సార్, యాజ్ పర్ యువర్ కన్వీనియెన్స్" అని జవాబిచ్చింది. ఎప్పుడైనా సరే, మీ వీలు ప్రకారం అని. నేనైనా అలాగే రాసి ఉందును. పెద్దవాళ్ళు ఎప్పుడొస్తారని అడిగితే మీ ఇష్టమండీ అనడమే కదా మనకు తెలిసిన వినయం.

ఎప్పుడైనా అన్నాక పాపం ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. మూడు రోజులు ఫోను చేతిలోంచి దించలేదు. స్నానానికి పోతే తల్లి చేతికిచ్చి గుమ్మం ముందు నిలబెట్టేది. నాలుగో రోజు పొద్దున చిన్నపోలయ్య పడవ వచ్చింది. వల బరువుగా ఉంది, ఇంట్లో అందరూ ఒడ్డుకు పరుగెత్తారు. వాళ్ళింట్లో పడవ వస్తే నాకు పనుందనే మాట ఎవరి నోటా రాదు. స్వర్ణ మోచేతుల దాకా చేపల్లో ఉండగా ఫోను మోగింది. అలల హోరులో వినపడలేదు. చేతులు కడుక్కుని చూస్తే రెండు మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే ఎవరూ తీయలేదు. సాయంత్రానికి మెయిలు వచ్చింది. మీరు ఎప్పుడైనా సరేనన్నారు, రెండుసార్లు ప్రయత్నించాం, మీకు ఆసక్తి లేదనుకుంటున్నాం.

"కాళ్ళు పట్టుకుంటామని రాయన్నా. ఇంకొక్కసారి ఫోను చేయమను. ఈ పిల్ల మూడు దినాలుగా కూడు కూడా సరిగ్గా తినలా" అంది కామమ్మ.

తాజుద్దీన్ మెయిలు రెండుసార్లు చదివాడు. "కాళ్ళొద్దులేమ్మా, క్షమాపణ చాలు" అని స్వర్ణ వైపు తిరిగాడు. "నీకెప్పుడు వీలు పాపా?"

"ఎప్పుడైనా సరే మామా" అంది ఆ పిల్ల. ఏడుపు ఇంకా ఆరలేదు, మళ్ళీ అదే మాట!

కళ్ళజోడు కీబోర్డు మీదికి దిగింది. నేను నెత్తి కొట్టుకున్నాను. అప్పుడు కామమ్మ అంది, "దాన్నేమీ అనబాకన్నా. మా ఇంట్లో టైము చెప్పరు."

నేను ఏదో అనబోయాను. తాజుద్దీన్ చెయ్యెత్తి నన్ను ఆపాడు. కామమ్మ గోడకు ఆనుకుని నిదానంగా చెప్పింది. వేటకు పోయే మనిషిని ఎప్పుడొస్తావని అడగరాదు. పోయే మనిషీ చెప్పరాదు. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో మరిది ఒక్కడు చెప్పాడు. పెళ్ళిచూపులకు పోవాల్సిన రోజు. "మాపటికల్లా వచ్చేస్తా వదినా, నీళ్ళు కాచిపెట్టు" అన్నాడు. ఆమె నీళ్ళు కాచింది. చల్లారితే మళ్ళీ కాచింది. ఆ పిల్లవాడు రాలేదు, పడవా రాలేదు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో అన్నం ఎప్పుడొండాలో కూడా ఎవరూ అడగరు. చిన్నపోలయ్య పడవెక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూడడు. ఈమె రెండు రాత్రులైనా మూడు రాత్రులైనా కళ్ళు మూయకుండా కూర్చుంటుంది.

ఆమె కంట నీళ్ళు లేవు, నా కళ్ళలోనే వచ్చాయి. ఇన్నేళ్ళూ ఇదంతా మొహమాటం, బద్ధకం అనుకున్నానే అని సిగ్గేసింది. మూఢనమ్మకమని ఒక లెక్చరు దంచడానికి నోరు తెరిచినవాణ్ణి, తెరిచిన నోరు మూసుకుని కూర్చున్నాను.

తాజుద్దీన్ మేకు మీది పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, తెరవలేదు.

"నువ్వు చెప్పింది నిజమే కామమ్మా. ఒకటే టైము చెప్తే ఒట్టు పెట్టినట్టే ఉంటాది. అందుకే మనం ఒకటి చెప్పం. రెండు చెప్తాం. మూడోది మనది కాదు, అవతలోళ్ళకు వదిలేస్తాం. తలుపు మూసేది లేదు. ఇట్టా చెప్తే తప్పా?"

కామమ్మ ఆలోచించింది. కూతురి మొహం చూసింది. "మూడోది మనది కాదంటావు" అని తనలో తను అనుకున్నట్టు అంది. "అయితే చెప్పు మే" అంది స్వర్ణతో.

స్వర్ణ నేల చూపులు చూస్తూ, "గురువారం మూడింటికి చేపల వేలంపాట అయిపోతాది. శుక్రవారం పదకొండుకు కూడా ఖాళీ" అంది. కళ్ళజోడు ఎక్కింది. కానీ కుర్చీలోంచి తాజుద్దీన్ లేచాడు. ఆ పిల్లనే కూర్చోబెట్టి, ఆ పిల్ల చేతే కొట్టించాడు. ఫోను అందుకోలేకపోయినందుకు క్షమాపణ ఒక వాక్యం. ఆ తర్వాత, "వుడ్ థర్స్‌డే ఎట్ త్రీ ఆర్ ఫ్రైడే ఎట్ ఎలెవెన్ సూట్ యు? ఇఫ్ నైదర్ వర్క్స్, ఐ కెన్ ఫిట్ అరౌండ్ యువర్ స్కెడ్యూల్." అంతే. మొత్తం నాలుగు వరుసలు. ఇంకాస్త బతిమాలితే బాగుండునని నాకు అనిపించింది గానీ ఆయన వినే రకం కాదు.

రెండు రోజులు జవాబు లేదు. నేను స్కూలు వదలగానే కొట్టుకు పోవడం, ఆయన తల అడ్డంగా ఊపడం. మూడో రోజు జవాబు వచ్చింది. వాళ్ళకు ఆ రెండూ కుదరవట, శనివారం పొద్దున ఎనిమిదిన్నరకు వీలవుతుందా అని అడిగారు. చదివి స్వర్ణ మొహం మాడిపోయింది. శనివారం పొద్దున పడవలొచ్చే వేళ.

"మూడోది వాళ్ళదని ఒప్పుకున్నాం గదమ్మా" అంది కామమ్మ. "నువ్వు పో. ఒడ్డు నేను చూసుకుంటా."

శనివారం ఎనిమిదికే స్వర్ణ తలంటి పోసుకుని వచ్చింది. తాజుద్దీన్ తన కుర్చీ, కంప్యూటరు, ఇంటర్నెట్టు అన్నీ అప్పగించి బయటికొచ్చి షట్టరు దించాడు. ఆ షట్టరు పగటిపూట దిగడం నేను ఎన్నడూ చూడలేదు. ఇంటినుంచి చాయ్ పట్టుకొచ్చిన ఆయన భార్య చాంద్‌బీ నోరెళ్ళబెట్టింది. "ఊరందరి చేతా టైములు చెప్పిస్తాడు సార్, అన్నానికి ఎప్పుడొస్తాడో నాకు మాత్రం చెప్పడు. నేను ఆస్పత్రికి పోయినప్పుడు కూడా మూయలేదు ఈ కొట్టు" అని నాతో ఫిర్యాదు చేసింది. ఆయన నేల చూపులు చూశాడు. ఆ విషయంలో ఆయన్ను వెనకేసుకురావడం నా వల్ల కాదు.

మేమిద్దరం ఎండలో షట్టరు ముందు కాపలా నిలబడ్డాం. ఆధార్ కాపీకి వచ్చినవాళ్ళను నేనే కసిరి పంపాను. లోపల్నుంచి స్వర్ణ గొంతు వినపడుతోంది, మొదట సన్నగా, తర్వాత మామూలుగా, ఆ తర్వాత ఒకసారి నవ్వు కూడా. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. తాజుద్దీన్ మాత్రం షట్టరుకు చెవి ఆనించి, "మళ్ళీ ఎప్పుడు మాట్లాడమంటారని వాళ్ళే అడుగుతుండారు సార్. రెండు చెప్పింది! రెండు చెప్పింది!" అని నా భుజం చరిచాడు. అరవై దాటిన మనిషి, ఆ క్షణంలో గంతులేయలేదంతే.

పన్నెండు రోజులకు ఉద్యోగం వచ్చింది. కామమ్మ కూతుర్ని చెన్నై బస్సు ఎక్కించి, వచ్చే దారిలో కొట్టు ముందు ఆగి చేతులెత్తి దండం పెట్టి పోయింది. ఆ వేళ తాజుద్దీన్ కాపీలు తీస్తూ నా పేపర్లు రెండుసార్లు తలకిందులుగా పెట్టాడు.

స్వర్ణ అక్కడినుంచి రోజూ ఫోను చేసేది. పెట్టేసే ముందు, "రేపు ఎనిమిదికి చేసేదా, తొమ్మిదికి చేసేదా? రెండూ కాకుంటే నువ్వే చెప్పుమా" అని తల్లిని అడిగేది. కామమ్మ మొదట్లో నీ ఇష్టమే అనేది. పిల్ల వదిలేది కాదు, ఆ మొండితనం ఎక్కడ అబ్బిందో నాకు తెలుసు. వారం తిరిగేసరికి, "ఎనిమిదికి చెయ్, మీ నాయన కూడా ఉంటాడు" అనడం అలవాటైంది. చిన్నపోలయ్య వల బాగుచేసుకుంటూ వినేవాడు. ఆయన అసలే మాట తక్కువ మనిషి.

దసరా సెలవులకు ముందు ఒక పొద్దున కామమ్మ చాంద్‌బీకని ఆకులో నెత్తళ్ళ చేపలు చుట్టుకుని కొట్టుకు వచ్చింది. నేనూ ఉన్నాను.

"అన్నా, మొన్న మాపటేళ మా ఆయన పడవెక్కబోతా ఎనక్కి తిరిగినాడు" అంది. "ఇరవై ఆరేళ్ళలో తిరగలా. నేనేమీ అడగలేదన్నా. తనే అన్నాడు, 'రేపు మాపటికి గానీ, ఎల్లుండి పొద్దున గానీ' అని."

తాజుద్దీన్ చేతిలో కాగితాలు కింద పెట్టాడు. "మూడోదో?" అని మెల్లగా అడిగాడు.

"మూడోది గంగమ్మకు వదిలినాడు."

కామమ్మే మళ్ళీ అంది. "నిన్న మాపటికి రాలేదన్నా. అయినా నాకు నిద్ర పట్టినాది. ఇంకొకటి ఉండాది గదా అనుకుని పడుకున్నా." ఆ మాట అంటూ గోడ మీది గడియారం వైపు చూసింది. "అదెంత చూపిస్తుండాదన్నా?"

"ఎనిమిదిన్నర."

"ఇంకా పొద్దుందిలే" అని చెంగు బిగించుకుని సముద్రం వైపు నడిచింది.

నా కాపీలు ఎప్పుడో అయిపోయాయి. బడికి వేళ మించిపోతున్నా కదలబుద్ధి కాలేదు. తాజుద్దీన్ మేకు మీది పుస్తకం తీసి ఖాళీ పేజీ తెరిచి, పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు. రాయవయ్యా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. తొమ్మిదిన్నర దాటాక ఒడ్డు వైపునుంచి చిన్నపోలయ్య పడవ వచ్చిందని ఎవరో కేక వేసుకుంటూ పోయారు. అప్పుడు రాశాడు, తెలుగులో. "రేపు మాపటికి గానీ, ఎల్లుండి పొద్దున గానీ." గుణింతం తప్పుందేమోనని పుస్తకం నా వైపు తిప్పాడు. ఒక్క తప్పూ లేదని చెప్పాను.